ఇరవై నిమిషాల నీళ్ళు

మార్కాపురంలో నీళ్ళ పైపుల ఫిట్టరుగా పనిచేసి రిటైరైనవాడిని. గల్ఫ్ పోయే కుర్రాళ్ళు అప్పుడప్పుడు సలహా కోసం నా దగ్గరికి వస్తుంటారు. నేను ఒకప్పుడు ఒమన్‌లో ఉద్యోగం చేశానని ఎవరో చెప్పి పంపుతారు. ఎన్నాళ్ళు చేశానో మాత్రం చెప్పి పంపరు. రెండేళ్ళ కాంట్రాక్టు మీద పోయి పది నెలలకే తిరిగి వచ్చాను. వచ్చాను అనేది మర్యాద మాట, పంపించేశారు. కాబట్టి పరాయి దేశంలో ఎలా నెగ్గుకురావాలో నన్ను అడిగితే లాభం లేదు. ఉద్యోగం ఎలా పోగొట్టుకోవచ్చో అడిగితే వివరంగా చెప్పగలను.

వచ్చినవాళ్ళు అడిగేవి రెండే. అక్కడ తిండి ఎట్లుంటది, ఎండ ఎట్లుంటది. తిండి నెల రోజుల్లో అలవాటైపోతుంది. ఎండ గురించి గిద్దలూరు, మార్కాపురం వాళ్ళకు ఇంకొకరు చెప్పేదేముంది? నేను చెప్పాలనుకునేది ఎవరూ అడగరు. మనం పెట్టెలో సర్దుకోకపోయినా కొన్ని అలవాట్లు మన వెంట విమానమెక్కుతాయి. ఊళ్ళో వాటిని మంచి అలవాట్లంటారు. చెడ్డ అలవాట్లయితే ఎవరో ఒకరు తిట్టి మాన్పిస్తారు. మంచివాటి జోలికి ఎవరూ రారు. నా ఉద్యోగం తీసింది అలాంటి మంచి అలవాటే.

నన్ను తీసుకుపోయినాయన మార్కాపురం మనిషే. నేను భాయ్ అనేవాణ్ణి, ఇక్కడా అలాగే అంటాను. నాకన్నా పదేళ్ళు పెద్ద. అప్పటికే పదకొండేళ్ళుగా ఒమన్‌లో ఉన్నాడు. నేను కొనకనమిట్ల దగ్గర పల్లె నుంచి వచ్చి మార్కాపురంలో ప్లంబింగ్ పని చేసుకుంటూ భార్యా పిల్లలతో అద్దె ఇంట్లో ఉండేవాణ్ణి. భాయ్ సెలవు మీద వచ్చినప్పుడు వాళ్ళింట్లో పైపు పగిలితే నేను పోయి బాగుచేశాను. ఆయన స్టూలు వేసుకుని కూర్చుని పనంతా చూశాడు. "చెయ్యి బాగుంది నీది. ఈడేం మిగుల్తాది, నాతో వచ్చెయ్యి" అన్నాడు. నేను మా నాయనను అడగాలన్నాను. మర్నాడే బస్సెక్కి మా పల్లెకు వచ్చాడు.

మా నాయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అంతా విని, "తెలీని దేశం. వాడికేమన్నా అయితే ఎవరు చూస్తారు?" అని అడిగాడు.

"నేను చూస్తా పెద్దాయనా. వాడికి నాది పూచీ" అన్నాడు భాయ్.

కాగితం లేదు, సాక్షి లేడు. మా వైపు పూచీ అంటే అంతే. మా నాయన తలూపాడు, నేను పాస్‌పోర్టుకు ఫోటో దిగాను.

పని ఒక కార్మికుల క్యాంపులో. ఊరికి దూరంగా రాళ్ళ గుట్టల కింద ఆరు బ్లాకులు. పెద్ద ట్యాంకు దగ్గర మొదలైన పైపు లైను ఒక్కో బ్లాకునూ తాకుతూ పోయి ఆరో బ్లాకు దగ్గర ఆగిపోతుంది. ట్యాంకు, మోటార్లు, నీళ్ళలో కలిపే క్లోరిన్ మందు భాయ్ చూసుకునేవాడు. పైపులు, కొళాయిలు, వాల్వులు నావి. ఇవి కాక ప్రతి గురువారం ఇంకో పని ఉండేది. లైను చివరి వాల్వు తిప్పి ఇరవై నిమిషాలు నీళ్ళు బయటికి వదిలెయ్యాలి. ఆరో బ్లాకులో సగం గదులు ఖాళీ. వాడకం లేక ఆ చివర పైపులో నీళ్ళు కదలవు. ఎండకు పైపులోనే కాగి, మందు బలం పోయి చెడిపోతాయి. ఆ పాత నీళ్ళు పోయి కొత్త నీళ్ళు రావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. నేను వదిలి వచ్చి చెబితే, భాయ్ కాగితం మీద ఇరవై అని వేసి సంతకం పెట్టేవాడు.

మొదటి గురువారం భాయ్ కూడా నాతో వచ్చాడు. నేను వాల్వు తిప్పాను. ముంజేతి లావు ధార వచ్చి ఇసుకలో పడుతోంది, పడ్డది పడ్డట్టే ఇంకిపోతోంది. అయిదు నిమిషాలు చూసి, "చాలు గదా భాయ్" అన్నాను.

"ఇరవై అంటే ఇరవై రా."

అన్నాడే గాని ఆయన నీళ్ళ వైపు చూడటం లేదు. గోడ వైపు తిరిగి నిలబడి వాచీ చూసుకుంటున్నాడు. కాసేపటికి తనే అన్నాడు. "చూడొద్దు. చూస్తే కష్టంగా ఉంటాది. మొదట్లో నాక్కూడా అట్లనే ఉండె."

మా ఊరి సంగతి మీకు కొత్త కాదు. ఎండాకాలం ట్యాంకరు వస్తుందంటే పొద్దున్నే బిందెలు వరసలో పెట్టేవాళ్ళు. బిందె లేనివాళ్ళు పగిలిన పలక ముక్క మీద గుర్తు గీసి వరసలో పెట్టి పనికి పోయేవాళ్ళు. ఆ ముక్కను ఎవరూ జరిపేవాళ్ళు కాదు. బియ్యం కడిగిన నీళ్ళు బర్రెకు, స్నానం నీళ్ళు మునగ చెట్టుకు. చిన్నప్పుడు నేను చెంబెడు నీళ్ళు ఒలకబోస్తే మా అమ్మ కొట్టలేదు గాని ఆ పూట నాతో మాట్లాడలేదు. టౌనులో భాయ్ వాళ్ళింట్లోనూ అంతే. కొళాయి వచ్చిన రోజు బిందెలు, బకెట్లు, గంగాళాలు అన్నీ నింపి, ఇంకా వస్తుంటే ప్రెషర్ కుక్కరు కూడా పట్టుకొచ్చి పట్టేవాళ్ళు. అలాంటి ఇద్దరు మనుషులకు ఆ కంపెనీ నీళ్ళు పారబోసే పని అప్పగించింది.

రెండో వారం నుంచి ఒక్కణ్ణే పోయాను. పది నిమిషాలకు వాల్వు కట్టేశాను. ఏమీ కాలేదు. తర్వాతి వారం ఏడు నిమిషాలు. నెల తిరిగేసరికి రెండు నిమిషాలకు వచ్చాను. ఆ రెండు నిమిషాల నీళ్ళు కూడా వృథా పోకూడదని, బ్లాకు వెనక ఎవరో నాటి వదిలేసిన వేప మొక్కలు ఎండిపోతుంటే వాటికి పాదులు తీసి, ఒక పాదు నుంచి ఇంకో పాదుకు కాలువ లాగాను. మొక్కలు చిగురించాయి. కంపెనీ నీళ్ళు కంపెనీకే మిగిల్చానని, పైగా చెట్లు బతికించానని లోపల్లోపల పొంగిపోయాను. చెప్పొద్దూ, ఆ దేశంలో నేను గర్వపడ్డ పని అదొక్కటే.

ఒకసారి భాయ్ అటు వచ్చి చెట్లు చూశాడు. కాలువలు చూశాడు. "బాగొచ్చినాయి రా" అన్నాడు. ఇంకేమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. కాగితం మీద ఇరవై పడుతూనే ఉంది.

ఆ రోజుల్లో భాయ్ మనసంతా వాళ్ళమ్మ మీద ఉండేది. డెబ్బై దాటిన మనిషి. చచ్చిపోయేలోపల మక్కా చూడాలని ఆమె కోరిక. చలికాలంలో ఆమెను ఒమన్ పిలిపించుకుని, అక్కడి నుంచి బస్సులో ఉమ్రాకు, అంటే మక్కా యాత్రకు, తీసుకుపోవాలని భాయ్ అంతా ఏర్పాటు చేసుకున్నాడు. ఆమెకు వీసా రావాలంటే కంపెనీ ఉత్తరం కావాలి. ఉత్తరం రావాలంటే భాయ్ ఉద్యోగంలో ఉండాలి. ఫోన్ చేసినప్పుడల్లా ఆమె అడిగే మొదటి మాట ఇదే: "బేటా, చలికాలానికి ఇంకెన్ని నెలలుంది?"

ఎండలు ముదిరాక ఆరో బ్లాకులో ఒకరికి జ్వరం వచ్చింది. ఎండదెబ్బ అనుకున్నారు. తర్వాత ఇంకొకరికి వాంతులు. వారంలో ఆ బ్లాకు వాళ్ళు ఏడెనిమిది మంది మంచాన పడ్డారు. అందరికన్నా ఎక్కువ దెబ్బతిన్నది మెస్సులో వంట చేసే బెంగాలీ పెద్దాయన. ఆయన్ని అంబులెన్స్‌లో తీసుకుపోయారు. మిగతా అయిదు బ్లాకుల్లో ఎవరికీ ఏమీ లేదు.

భాయ్ ఒక చిన్న గాజు గొట్టంలో ఆరో బ్లాకు కొళాయి నీళ్ళు పట్టి, పరీక్ష చుక్కలు వేశాడు. నీళ్ళలో మందు ఉంటే పసుపు రంగు తిరగాలి. తిరగలేదు. ఇంకోసారి పట్టాడు. అప్పుడూ తిరగలేదు. గొట్టం పక్కన పెట్టి నా వైపు చూశాడు.

"ఎంతసేపు వదుల్తాండావు?"

"రెండు నిమిషాలు" అన్నాను.

తిట్టలేదు. తిడితే బాగుండేది. పోయి గట్టు మీద కూర్చున్నాడు. "ఆ చెట్లు చూసిన రోజే నాకు తెలుసు. అడగబుద్ధి కాలే" అన్నాడు.

అప్పుడే లేచి వాల్వు పూర్తిగా తిప్పేశాం. రంగు మారిన నీళ్ళు వచ్చాయి, ఒక రకమైన వాసనతో. దాదాపు గంట వదిలాం. నేను పొదుపు చేసిన నీళ్ళు అవి.

మర్నాడు పెద్ద ఇంజనీరు విచారణకు వస్తాడని కబురొచ్చింది. సాయంత్రం నమాజు చేసుకుని వచ్చి భాయ్ నన్ను కూర్చోబెట్టాడు.

"రేపు నువ్వేం మాట్లాడొద్దు. కాగితాల మీద సంతకం నాది. తప్పు నాదే అంటా."

"అమ్మ సంగతి ఏంది భాయ్?"

"అమ్మకు నేను చెప్పుకుంటాలే. మీ నాయనకు మాటిచ్చినా గదా. పది మందికి ఉద్యోగాలు పెట్టిచ్చినా ఈడ. తీసుకొచ్చినోణ్ణి ముందుకు తోసి నేను ఎనక దాక్కున్నానని ఊళ్ళో చెప్పుకోవాల్నా?"

పెద్దవాళ్ళు ఒక మాట అన్నాక ఎదురు చెప్పకూడదని పెంచారు మమ్మల్ని. ఇది కూడా వెంట వచ్చిన మంచి అలవాటే. సరే భాయ్ అన్నాను. నిజం చెబుతున్నాను, ఆ మాట అన్నాక నాకు కొంచెం హాయిగా కూడా అనిపించింది. ఉద్యోగం ఉంటుంది, పెద్దాయన మాట విన్నట్టూ ఉంటుంది. అంతకన్నా ఏం కావాలి? ఆ హాయి గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఇంజనీరు సూడాన్ దేశం ఆయన. పొడుగు మనిషి, గొంతు పెద్దది చేసేవాడు కాదు. పక్కన క్యాంపు మేనేజరు. బల్ల మీద మా గురువారం కాగితాలన్నీ వరసగా పరిచారు. భాయ్ నిలబడి అరబ్బీలో మాట్లాడాడు. నాకు అర్థమైన మాటలు కొన్నే. "అనా" అంటే నేను. ఆ మాట చాలాసార్లు అన్నాడు. మేనేజరు ఏదో రాసుకుంటున్నాడు. అతని చేతి కింద భాయ్ ఫైలు ఉంది. దాంట్లో పైనే వాళ్ళమ్మ వీసా కోసం పెట్టిన అర్జీ, పాస్‌పోర్టు సైజు ఫోటోతో. తల మీద ముసుగు, కెమెరా వైపు కాస్త భయంగా చూస్తున్న ముఖం. వాళ్ళింట్లో పైపు బాగుచేసిన రోజు నాకు టీ ఇచ్చింది ఆమే.

"భాయ్, నేను చేసినానని చెప్పు" అన్నాను తెలుగులో.

ఆయన నా వైపు చూడకుండానే ఇంజనీరుతో ఏదో అన్నాడు. ఇంజనీరు తలూపాడు. నా మాట ఆయనకు చేరినట్టే లేదు.

"భాయ్, నేను చెప్పమన్నది అది కాదు."

"నోరు మూసుకో రే. చెప్పినా గదా నిన్ననే."

నాకు వచ్చిన అరబ్బీ పది మాటలు, ఇంగ్లీషు పదిహేను. ఇంక చేసేదేమీ లేక లేచి బల్ల ముందుకు పోయాను. వేలితో నా గుండె చూపించి "అనా" అన్నాను. గాల్లో వాల్వు తిప్పి చూపించాను. కాగితం మీద ఇరవై అంకె చూపించి, కాదని చెయ్యి ఊపి, రెండు వేళ్ళు పెట్టాను. "టూ మినిట్స్" అన్నాను. మళ్ళీ వాల్వు కట్టేసి చూపించాను. పెద్దాయన మాట కాదని నేను చేసిన మొదటి పని అది. నలభై ఏళ్ళ వయసులో, చేతుల సైగలతో.

భాయ్ తల దించుకున్నాడు. ఇంజనీరు ఆయన్ని ఒక్కటే అడిగాడు: ఎందుకు? ఈసారి భాయ్ నాకు సరిగ్గానే చెప్పాడు. "ఎందుకు కట్టేసినావని అడుగుతాండాడు. బద్ధకమా అంటాండాడు. నీళ్ళు ఎవరికన్నా అమ్ముకున్నాడేమో అంటాండాడు మేనేజరు."

"పారబోయలేక" అన్నాను.

భాయ్ చెప్పాడు. మేనేజరు నవ్వాడు. అతని తప్పేమీ లేదు. జీతం తీసుకునేవాడు యజమాని నీళ్ళ మీద అంత ప్రేమ పెంచుకుంటాడంటే ఎవరు నమ్ముతారు? నిజం అంత అబద్ధంలా వినబడటం నాకు అదే మొదలు. "పోయి చూడమను" అన్నాను భాయ్‌తో.

అందరం ఆరో బ్లాకు వెనక్కి నడిచాం. ఇంజనీరు ఆ వేప చెట్ల దగ్గర ప్యాంటు పైకి లాక్కుని గొంతుక్కూర్చున్నాడు. పాదులు, కాలువలు చూశాడు. నీళ్ళు పొర్లిపోకుండా కాలువ మొదట్లో నేను పెట్టిన రాయిని తీసి, మళ్ళీ ఉన్నట్టే పెట్టాడు. నన్ను పక్కన కూర్చోమన్నాడు. నా పళ్ళ మీది ఫ్లోరైడ్ గార చూసి, మీ ఊరి నీళ్ళేనా అన్నట్టు వేలితో తన పళ్ళు చూపించాడు. అవునన్నాను. వాళ్ళ ఊళ్ళోనూ చెట్లకు ఇలాగే కాలువలు తీస్తారని భాయ్‌తో చెప్పించాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. అర్థం చేసుకున్నాడు, వదిలేస్తాడు అనుకున్నాను.

ఆయన లేచి చేతులు దులుపుకుని నాలుగు మాటలు అన్నాడు. భాయ్ వెనక్కి తిరిగి నడవబోయాడు. చెప్పమని నేనే అడిగాను.

"నీ మాట నమ్మినా అంటాండాడు. నమ్మినా కాబట్టే పంపిచ్చేస్తా అంటాండాడు. దొంగతనం చేసుంటే ఉంచుకునేవాణ్ణి, దొంగకు తను చేసేది తప్పని తెలుసు, భయపెడితే మానుకుంటాడు. నీకు నువ్వు చేసేది మంచి అనిపిస్తాది. నేను పక్కకు తిరిగితే మళ్ళీ కట్టేస్తావు అంటాండాడు."

భాయ్‌కు హెచ్చరిక కాగితం ఇచ్చి ఉద్యోగంలో ఉంచారు. నాకు వారం గడువు. ఇన్నేళ్ళలో ఆ తీర్పును చాలాసార్లు తిప్పి తిప్పి చూశాను. దాంట్లో తప్పు నాకు కనబడలేదు. నిజానికి ఆ జ్వరాలే రాకపోయి ఉంటే, పక్కన ఎవరూ లేని ఏదో ఒక గురువారం నేను ఒక్క నిమిషానికి దించి ఉండేవాణ్ణే.

భాయ్ నాకు కృతజ్ఞత చెబుతాడేమో అనుకున్నాను. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు సామాను సర్దుకుంటుంటే వచ్చి, "మీ నాయనకు ఇప్పుడు నేనేం చెప్పాల? నా మాట తీసేసినావు గదరా" అన్నాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయన ఉద్యోగం నిలబెట్టి ఆయన పూచీ చెడగొట్టాను. రెండూ నిలబెట్టే దారి ఉందేమో, నాకైతే తోచలేదు.

బెంగాలీ పెద్దాయన ఆసుపత్రి నుంచి వచ్చాక పోయి కలిశాను. సగానికి సగం చిక్కిపోయాడు. చేతులు పట్టుకుని, వచ్చీరాని హిందీలో తప్పు నాదని చెప్పాను. ఆయన విని, కోపంగా ఏమీ అనలేదు. క్షమించానని కూడా అనలేదు. ముఖం అటు తిప్పుకున్నాడు. ఆయనకు ఆ హక్కుంది. మీలో ఎవరైనా ఇలాంటి పని చేస్తే, మన ఉద్దేశం మంచిది కాబట్టి అవతలివాళ్ళు క్షమిస్తారని మాత్రం అనుకోవద్దు. కడుపు నొప్పితో మెలికలు తిరిగినవాడికి మన ఉద్దేశంతో పని లేదు.

తిరిగి వచ్చి పల్లెకు పోతే మా నాయన, "ఏందిరా, ఏం చేసినావు?" అని అడిగాడు. చెప్పాను. "నీళ్ళు పారబోయలేదని పంపినారా?" అన్నాడు. ఆ దేశం మీద ఆయనకు చివరిదాకా మంచి అభిప్రాయం కలగలేదు. నాకు పట్టణంలో నీళ్ళ సరఫరాలో పని దొరికింది. అదే రిటైరయ్యేదాకా చేశాను.

ఆ చలికాలం గడిచాక ఒక ఉదయం మా ఇంటి ముందు ఆటో ఆగింది. భాయ్ వాళ్ళమ్మ దిగింది. ఉమ్రా చేసుకుని వచ్చి వారమైందట. ఒక కవరులో ఖర్జూరాలు, ఒక చిన్న సీసాలో జంజం నీళ్ళు. మక్కా నుంచి తెచ్చిన ఆ నీళ్ళు తెలిసినవాళ్ళకు కొంచెం కొంచెం పంచుతారు. నా భార్య కుర్చీ తెచ్చి వేసింది.

"మా పెద్దోడు అంతా చెప్పినాడు నాయనా. ముందు నీకే ఇచ్చి రమ్మన్నాడు" అంది ఆమె. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "నీళ్ళు దాచినావని పంపిచ్చినారంట గదా. ఈడైతే నిన్ను సర్పంచిని చేసుందురు" అంది.

గల్ఫ్ నుంచి వచ్చాక నేను నవ్వింది అప్పుడే.

నా భార్య సీసాను రెండు చేతులతో తీసుకుని దేవుడి గూటి వైపు నడిచింది. "మంచి నీళ్ళు. జాగర్తగా పెడతా, ఏ మంచి రోజుకన్నా ఉంటాయి" అంది.

"ఉంచొద్దు. ఈ పొద్దే తాగేద్దాం" అన్నాను.

"అవి చెడిపోవు నాయనా. ఏండ్లు పెట్టుకున్నా అట్లనే ఉంటాయి" అంది పెద్దామె.

ఆమె వయసుకు, ఆమె వచ్చిన చోటుకు ఎదురు చెప్పకూడదు. ఆమె చెప్పింది నిజమే అయి ఉంటుంది.

"చెడిపోవులే అమ్మా" అని, పిల్లల్ని పిలిచి అయిదు గ్లాసులు తెమ్మన్నాను.